వెదర్‌కెల్డ్ వాళ్లు ఎప్పుడూ ఐదుగురే

“నాలుగింటికి వ్యాన్ వస్తుంది. ఐజాక్‌ని ఎక్కించి పంపేస్తాను. ఈలోగా మీరేం కూపీ లాగుతారో లాగండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ మౌన్సీ.

పోలీసు క్వార్టర్ గోడ గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది. రూత్ మిల్‌బర్న్ చేతితొడుగులు తీసి బల్లమీద పెట్టింది. ఇంటిపేర్ల కూపీ లాగడమే ఆమె వృత్తి. వారసులెవరో తేలని ఆస్తి ఎక్కడైనా ఉంటే న్యూకాసిల్ లాయర్లు ఆమెకు కబురు పెడతారు. చర్చి రిజిస్టర్లు, జనాభా లెక్కలు, సమాధి రాళ్లు తిరగేసి ఎవరు ఎవరికి ఏమవుతారో ఆమె తేల్చి చెబుతుంది. ముప్పైఏడేళ్ల మనిషి. మాట తక్కువ, ఓపిక ఎక్కువ.

ఈ కేసులో లాయరు కబురు కన్నా ముందే ఆమెకు ఇంకో కబురు అందింది. “ఒకసారి వచ్చి పోవే, నీతో పనుంది” అని హానా వెదర్‌కెల్డ్ పోస్టుకార్డు రాసింది. శనివారం రూత్ కొండ దాటి రాండ్‌డేల్ లోయలోకి దిగేసరికి హానాని ఆంబులెన్సులోకి ఎక్కిస్తున్నారు. డెబ్భైఎనిమిదేళ్ల మనిషిని ఎవరో పొయ్యి కెలికే ఇనపచువ్వతో తల వెనక కొట్టారు. ఇవాళ మంగళవారం. ఆవిడ ఇంకా కళ్లు తెరవలేదు.

మౌన్సీ తన లెక్క తాను వేసుకున్నాడు. దాన్ని వేళ్లు మడిచి మరీ వినిపించాడు. శనివారం లోయలో గొర్రెల అప్పగింత. పొరుగు మందల్లో కలిసిపోయిన గొర్రెలను తెచ్చి ఎవరివి వాళ్లకు అప్పజెప్పే రోజు కాబట్టి, పొద్దున తొమ్మిదికే మగాళ్లంతా సత్రం పెరట్లో చేరారు. పదింటికి పోస్ట్‌మాన్ హానా ఉండే వెదర్‌కెల్డ్ గొర్రెల ఫారంకి వెళ్లి ఉత్తరం ఇచ్చాడు. అప్పటికి హానా నిక్షేపంలా ఉంది. లోయ కొసదాకా వెళ్లి పదీ యాభైకి అతను తిరిగి వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది, ఆవిడ వంటింట్లో పడి ఉంది. కిటికీ గట్టుమీద కుటుంబ బైబిల్ ఉంది. పుట్టుకలూ పెళ్లిళ్లూ చావులూ రాసుకునే మొదటి పేజీ మాత్రం అందులో లేదు, ఎవరో చించేశారు.

“ఆ ఇంట్లో ఉండే రెండో మనిషి ఐజాక్. పదింటికి అప్పగింతకు రావలసినవాడు పదకొండుంబావుకి వచ్చాడు. ఎక్కడున్నావంటే నోరు విప్పడు. హానా వీలునామాలో ‘నా తరవాత ఫారం వెదర్‌కెల్డ్ వాళ్లకు చెందాలి’ అని ఉంది. ఐజాక్ ఆ రక్తం కాదని నా అనుమానం. పేజీ ఉంటే ఆ సంగతి బయటపడుతుంది, అందుకని చించాడు. ఆవిడ అడ్డం వచ్చింది, కొట్టాడు. ఇందులో మీకు అర్థం కానిదేమన్నా ఉందా, మిస్ మిల్‌బర్న్?”

“ఒకటుంది. అంత తెలివైనవాడు పదకొండుంబావుకి వచ్చి, అందరి కళ్లముందూ ఆలస్యంగా ఎందుకు నిలబడ్డాడు?”

“తెలివైనవాడని నేను అనలేదే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడన్నాను,” అన్నాడు మౌన్సీ. నిజానికి ఆ మాట అతను అనలేదు. ఇప్పుడే అన్నాడు.

మౌన్సీ చెడ్డవాడు కాడు. పైవాళ్లకు వారంలోగా జవాబు చెప్పాలి, పైగా ఆడమనిషి, అందులోనూ డబ్బు తీసుకుని తాతల్ని వెతికే మనిషి, తన కేసులో తల దూర్చడం అతనికి గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది. అంతే.

*

ఐజాక్ పోలీసు క్వార్టర్ వెనక గదిలో బల్లమీద బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని ఉన్నాడు. యాభై దాటాయి. రూత్‌ని చూడగానే అడిగిన మొదటి మాట, హానా కళ్లు తెరిచిందా అని. లేదని చెబితే తల వంచుకున్నాడు.

రూత్ తనతో తెచ్చిన టీ అతని చేతిలో పెట్టింది. ఈ మనిషి దగ్గర నేరస్తుడి దగ్గర కూర్చున్నట్టు కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. 1940లో న్యూకాసిల్ మీద బాంబులు పడతాయని పిల్లల్ని రైళ్లెక్కించి పల్లెలకు పంపినప్పుడు రూత్‌కి తొమ్మిదేళ్లు. ఈ లోయ స్కూలు హాల్లో వరసగా నిలబెట్టారు. లోయవాళ్లు వచ్చి తలా ఒకళ్లని ఎంచుకుపోయారు. గజ్జి లేచి గుండు చేయించిన రూత్ ఒక్కతీ చివరికి మిగిలిపోయింది. అప్పుడు బురద బూట్లతో ఓ ఆవిడ వచ్చి, ఆ గుండు మీద చెయ్యి వేసి, ఏడవకు, మా గొర్రెలకి కూడా ఇలాగే ఉంటుంది, బొచ్చు మళ్లీ వస్తుందిలే అంది. ఆవిడే హానా. బయట బండి తోలుకొచ్చిన కుర్రాడు ఐజాక్. తన కోటు విప్పి ఆమెకు కప్పి, దారంతా తను తడుస్తూ వచ్చాడు. ఐదేళ్లు ఆ ఇంట్లో తిన్న రొట్టె తన ఒంట్లో ఇంకా ఉందని రూత్ నమ్మకం. ఆ రుణం తీర్చే దారి ఇన్నాళ్లూ దొరకలేదు. ఇప్పుడు దొరికింది, కానీ చేతిలో మూడు గంటలే ఉన్నాయి.

“పదికీ పదకొండుంబావుకీ మధ్య ఎక్కడున్నావు ఐజాక్?”

“గొర్రెల వెనకాల.”

“ఏ గొర్రెల వెనకాల? మీ మందంతా ముందురోజే కిందికి దింపేశారుగా.”

“గొర్రెలన్నాక ఎక్కడో ఓ చోట ఉంటాయి పిల్లా.”

“నాలుగింటికి నిన్ను తీసుకుపోతారు. తమాషా కాదు.”

“పోనీ. మంద సంగతి పక్క ఫారం వాళ్లకి చెప్పేశా.” ఐజాక్ టీ గ్లాసు కింద పెట్టాడు. “నువ్వు మాత్రం పొద్దు కుంకే లోపల బస్సెక్కి వెళ్లిపో. ఇందులో వేలు పెట్టమాక. హానా ఉంటే తనూ అదే చెప్పేది.”

రూత్ వృత్తిలో ఒకే ఒక్క అసలు ప్రశ్న ఉంటుంది. అదే అడిగింది. “నువ్వు హానా పిన్నికి ఏమవుతావు?”

ఐజాక్ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. వెదర్‌కెల్డ్ ఐజాక్‌ని, ఇంకేమవుతాను అన్నాడు. ఆ తరవాత ఎన్ని అడిగినా పెదవి కదపలేదు. ఏదో దాస్తున్నాడు. తనకోసం దాచేవాడి కళ్లు వేరేగా ఉంటాయి. ఇతను ఇంకెవరికోసమో దాస్తున్నాడని రూత్‌కి అనిపించింది.

*

ఒంటిగంటకు సత్రంలో క్లైవ్ వెదర్‌కెల్డ్ మాంసం కూరి కాల్చిన రొట్టె తింటున్నాడు. ఇంగ్లండు దక్షిణాది పెద్దమనిషి, వేలికి డాలు గుర్తున్న ఉంగరం. తాను ఆ ఇంటికి మిగిలిన ఏకైక రక్తసంబంధినని లాయరుకి రాసింది ఇతనే. గురువారం లోయకు వచ్చి, శుక్రవారం ఫారంకి వెళ్లి హానాని చూశాడు. ఆవిడ టీ ఇచ్చింది, బైబిల్ మాత్రం చూపించలేదట. ఆ మాట చెబుతున్నప్పుడు అతనికి కోపం ఇంకా చల్లారలేదు.

ఇంటిపేరు సంగతెత్తేసరికి మనిషి విచ్చుకున్నాడు. సంచిలోంచి తోలుకాగితం చుట్ట తీసి బల్లమీద పరిచాడు. సముద్రం దాటి వచ్చిన నార్మన్ రాజు వెంట గుర్రమెక్కి వచ్చిన ఓ వీరుడికి బహుమానంగా ఇచ్చిన పేరు అది అని ఆ చుట్టలో బంగారు సిరాతో రాసి ఉంది. ఎవరికో సొమ్ము పోసి రాయించుకున్నదే. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వాళ్లను రూత్ ఎందరినో చూసింది.

“దేశం మొత్తం టెలిఫోన్ పుస్తకాలు వెతకండి మేడమ్. వెదర్‌కెల్డ్ అన్న పేరు ఒక్కటే ఉంటుంది. అది నాది. అంత అరుదైన పేరు,” అన్నాడు క్లైవ్.

“అరుదైనదే. అర్థం తెలుసా మీకు?”

“వీరుడి కోట అని ఇందులో ఉంది.”

“వెదర్ అంటే విత్తులు నలగ్గొట్టిన పొట్టేలు. కెల్డ్ అంటే ఊట. వెయ్యేళ్ల కింద నార్వే వైపునుంచి వచ్చి ఈ కొండల్లో స్థిరపడిన నార్స్‌వాళ్ల మాట అది. పొట్టేళ్లు నీళ్లు తాగే ఊట, అంతే. ఫారం వెనక ఆ ఊట ఇప్పటికీ పారుతోంది. మొన్న మీరు తాగిన టీ ఆ నీళ్లతోనే పెట్టి ఉంటారు.”

క్లైవ్ చుట్టను మడిచి సంచిలో పెట్టుకున్నాడు. శనివారం పదినుంచి పదకొండు దాకా ఎక్కడున్నారని రూత్ అడిగితే, పన్నెండు దాకా తన గదిలో ఉత్తరాలు రాసుకున్నాననీ, పదిన్నరకు సత్రం యజమానురాలు టీ తెచ్చిందనీ, ఇన్‌స్పెక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాననీ అన్నాడు. అతని తాత తండ్రి జాన్ వెదర్‌కెల్డ్ ఈ లోయలోనే పుట్టాడనీ, 1875 ప్రాంతంలో దక్షిణాదికి వెళ్లి వ్యాపారంలో పైకొచ్చాడనీ చెప్పాడు. జాన్ పుట్టినట్టు చర్చి రిజిస్టరులో ఎక్కడా లేదేమని రూత్ అడిగింది. బైబిల్లో ఉండేది, దాన్ని ఆ కాపరి చించేశాడు కదా అని క్లైవ్ చేతులు దులుపుకున్నాడు.

సత్రం యజమానురాలు బయట పీపాలు కడుగుతోంది. టీ ఇచ్చిన మాట నిజమే అంది. అయితే ఆ రోజు పెరడంతా గొర్రెలూ మగాళ్లూ, ఊపిరాడని పని. తలుపు తట్టి, ట్రే గుమ్మం బయట పెట్టి దిగిపోయిందట. మధ్యాహ్నం వెళ్లి చూస్తే కప్పు ఖాళీగా ఉంది. మనిషిని చూశావా అంటే, కప్పును చూశానమ్మా అంది. రూత్ ఆవిడకు మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పింది. నిజం ఎంత ఉందో అంతే చెప్పి ఆపేవాళ్లు ఆమె వృత్తిలో అరుదు.

*

మెట్ల కింద కూర్చుని రూత్ తన నోట్‌బుక్ తెరిచింది. మూడు రోజులుగా ఆమెను ఓ లెక్క నిద్రపోనివ్వడం లేదు.

1841 జనాభా లెక్కల్లో ఈ లోయలో వెదర్‌కెల్డ్ అన్న పేరున్నవాళ్లు ఐదుగురు. ఇరవై ఏళ్ల తరవాత ఆరుగురు. 1900లో పాస్టరు ఇంటింటికీ తిరిగి రాసుకున్న జాబితాలో ఐదుగురు. మొదటి యుద్ధం అయ్యాక ఐదుగురు. వందేళ్లలో ఆ పేరుతో నలభైమంది పిల్లలకు బాప్తిస్మం అయింది. ఆ నలభైమందీ ఏమయ్యారు? సమాధుల్లో లేరు, పెళ్లి రిజిస్టర్లలో లేరు. మామూలు ఇంటిపేరైతే వందేళ్లలో మర్రిలా ఊడలు దిగుతుంది, లేకపోతే మోడైపోతుంది. ఇలా ఐదు దగ్గర గట్టిగా కూర్చోదు.

ఆమె పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పింది. 1858లో హారియెట్ వెదర్‌కెల్డ్, పంతొమ్మిదేళ్లు, ఆ తరవాత మాయం. పక్క ఫారం పేరు స్కార్‌హౌస్. ఆ ఏడాదే అక్కడ హారియెట్ స్కార్‌హౌస్ అనే మనిషి పుట్టుకొచ్చింది, వయసు పంతొమ్మిదే. 1883లో ఆడమ్ స్కార్‌హౌస్ మాయమైతే, ఆడమ్ వెదర్‌కెల్డ్ ప్రత్యక్షమయ్యాడు. వయసు అదే, భార్య పేరూ అదే.

రూత్ నోట్‌బుక్ మూసింది. పెరిగేదీ తరిగేదీ కుటుంబం. ఎప్పుడూ ఐదుగురికే చోటు ఉండేది ఇల్లు. ఈ లోయలో మనిషిని తండ్రి పేరుతో పిలవరు, ఉంటున్న ఫారం పేరుతో పిలుస్తారు. బయటినుంచి వచ్చిన పాస్టర్లు ఊళ్లో వినబడ్డ పేరే రిజిస్టరుకెక్కించారు. ఫారం మారితే పేరు అక్కడే వదిలేసి కొత్త ఫారం పేరు తగిలించుకుంటారు. అందుకే ఆ పేరు లోయ దాటలేదు, అందుకే అంత అరుదు. ఒక్క జాన్ మాత్రం దాన్ని వదలకుండా మూటగట్టుకుని దక్షిణాదికి పోయాడు.

అయితే ఇది నోటితో చెబితే మౌన్సీ నవ్విపోతాడు. రుజువు కావాలి. వచ్చినవాళ్లు తమ పాత పేరును ఎక్కడో ఒకచోట గుర్తు పెట్టి ఉండాలి. ఏ ఇంట్లోనైనా అది ఒక్కచోటే ఉంటుంది. గంట రెండున్నర అయింది. రూత్ కానిస్టేబులు దగ్గర తాళం తీసుకుని ఫారం దారి పట్టింది. దాదాపు పరుగులాంటి నడక.

*

వంటింట్లో నేలమీద కడిగిన మరక ఇంకా కనిపిస్తోంది. రూత్ దాన్ని చూసీ చూడనట్టు దాటింది. పొయ్యి పక్కన, గోడలోకి దిగేసి కట్టిన ఓక్ చెక్క అల్మారా ఉంది. ఓట్స్ రొట్టెలు దాచేది. కొండప్రాంతంలో ప్రతి పాత ఇంట్లోనూ ఉంటుంది, ఇంట్లో మనుషులు మారినా అది కదలదు. తలుపు పైభాగాన ఇల్లు కట్టిన దంపతుల అక్షరాలు, 1684 అన్న అంకె చెక్కి ఉన్నాయి. అది అందరికీ కనిపించేదే. లోపలి వైపు ఏముందో రూత్ ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు పిల్లలు దాన్ని తెరవకూడదు, పెద్దయ్యాక చుట్టపుచూపుగా వచ్చిన ప్రతిసారీ హానాయే రొట్టె తీసి పెట్టేది.

ముందు చెక్కమేకును పరీక్షించింది. అది బిగించినట్టే ఉంది. అంచు చుట్టూ ఓట్స్ పిండి సన్నగా పేరుకుని ఉంది, ఎక్కడా చెదరలేదు. శనివారం పొద్దున హానా రొట్టెలు పెట్టి బిగించాక దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. రూత్ మేకు లాగి తలుపు తెరిచింది.

లోపలి చెక్కనిండా అక్షరాలు. వరసగా, ఒక్కో చేత్తో ఒక్కోలా చెక్కినవి. పైవి అరిగిపోయాయి. కిందికి వచ్చేకొద్దీ స్పష్టంగా ఉన్నాయి. జె.ఎస్. 1868. ఎ.ఎస్. 1883. టి.ఎన్. 1911 అంటే హానా మొగుడు టామ్, పుట్టిపెరిగిన పేరు నికోల్సన్. హెచ్.ఆర్. 1913, కోడలిగా వచ్చిన హానా రిగ్. ఐ.బి. 1931, పాలేరుగా వచ్చిన ఐజాక్; పాత రిజిస్టరులో చూసి ఎవరో అనుకున్న ఐజాక్ బెన్ ఇతనే. ఇంటికి ఎవరు వచ్చి నిలిచినా, వాళ్లు మోసుకొచ్చిన పేరు ఇక్కడ చెక్కి, ఇంటి పేరు ఇచ్చారు. రక్తం ఎవరిదని అడగలేదు. రొట్టె తీసుకునే ప్రతి చెయ్యీ, వచ్చిపోయే ప్రతి పొరుగూ ఈ వరస చూస్తూనే ఉంటారు.

ఐజాక్ బతికిపోయాడు. రూత్ గుండెలనిండా గాలి పీల్చుకుంది. అప్పుడు అన్నిటికన్నా కింద ఉన్న వరస చూసింది.

ఆర్.ఎం. 1945.

ఆ ఏడు జూన్‌లో వాళ్లమ్మ వచ్చి ఆమెను న్యూకాసిల్ తీసుకుపోయింది. అంటే ఆమె వెళ్లిపోయాక చెక్కారు. వెళ్లిపోయిన పిల్ల పేరు చెక్కాలంటే తిరిగి వస్తుందన్న నమ్మకమైనా ఉండాలి, రాకపోయినా మనదేనన్న ప్రేమైనా ఉండాలి. స్కూల్లో పిల్లలు వెదర్‌కెల్డ్ రూత్ అని అరుస్తుంటే, గుండుదాన్నని ఏడిపిస్తున్నారనుకుని పోట్లాడేది. వాళ్లు ఏడిపించలేదు. పేరు పెట్టి పిలిచారు, అంతే. రూత్ వేలికొసతో ఆ రెండక్షరాలు తడిమింది. కళ్లలో నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. దేశంలో ఎవరెవరి ఇళ్లో వెతికిపెట్టిన మనిషికి, తన ఇల్లు ఇరవైమూడేళ్లుగా ఇక్కడ ఉందని తెలియలేదు.

ఐజాక్ మౌనం కూడా అప్పుడే అర్థమైంది. వీలునామాలోని వెదర్‌కెల్డ్ వాళ్లు అంటే ఈ తలుపు మీద అక్షరాలుండి, బతికి ఉన్నవాళ్లు. హానా కాక ఇద్దరే, ఐజాక్, రూత్. శనివారం పొద్దున హానా అతన్ని కనుమ గేటు దగ్గరికి రూత్‌కి ఎదురు పంపి ఉంటుంది. పొగమంచు ఎక్కువగా ఉందని రూత్ పైదారి వదిలి వాగు దారిన దిగింది. అతను గంటసేపు చూసి వెనక్కి వచ్చి ఉంటాడు. ఆ మాట చెబితే, మరి రూత్ ఎటునుంచి వచ్చింది, ఎన్నింటికి వచ్చింది, ఆమెకూ వాటా ఉందిగా అని అడుగుతారు. అందుకని నోరు కుట్టుకున్నాడు. కోటు విప్పి కప్పిన మనిషి ఇప్పటికీ తనే తడుస్తున్నాడు.

వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది. రూత్ తలుపు మూసి మేకు బిగించింది.

మౌన్సీ లోపలికి వచ్చాడు, కానిస్టేబులు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మూడుంబావు. తాళం నా అనుమతి లేకుండా తీసుకున్నారని మౌన్సీ ముందు కసురుకున్నాడు. ఆ తరవాత ఆమె మొహం చూసి గొంతు తగ్గించి, ఏమన్నా దొరికిందా అని అడిగాడు.

లేదు అంటే చాలు. సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోవచ్చు. ఐజాక్ కోరుకున్నదీ అదే. కానీ ఆ రొట్టె తిని ఆ మాట అనడానికి రూత్‌కి నోరు రాలేదు.

“దొరికింది. దీన్ని ఇవాళే మొదటిసారి తెరిచాను,” అని మేకు లాగింది.

మౌన్సీ అక్షరాలు చూస్తుంటే, ఆమె నోట్‌బుక్ తెరిచి లెక్కంతా చెప్పింది. ఐదుగురు, ఆరుగురు, ఐదుగురు. హారియెట్, ఆడమ్. అతను అడ్డుపడలేదు. కానిస్టేబుల్ని పిలిచి, ఇది నిజమేనా అని అడిగాడు. మా అమ్మమ్మ కాలం నుంచీ ఇంతే సార్, మీరు అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు అన్నాడు కానిస్టేబులు. అతనూ లోయవాడే.

“ఐజాక్ తనది ఈ రక్తం కాదని దాచాలనుకుంటే, చించాల్సింది పేజీ కాదు, ఈ తలుపు బద్దలు కొట్టాలి. నేను తెరిచేదాకా దీని మీద పిండి కూడా చెదరలేదు. ఇంటిపేరు రక్తంలో పారుతుందనీ, అది కాగితం మీదే ఉంటుందనీ నమ్మేవాడే ఆ పేజీ చించుతాడు. ఈ లోయలో అలా నమ్మేవాడు లేడు. చించింది బయటివాళ్లు,” అంది రూత్. “జె.ఎస్. 1868 చూడండి. క్లైవ్ గారి జాన్ ఈ ఇంటికి వచ్చిన పనికుర్రాడు. పేజీలో ఆ సంగతి ఉండి ఉంటుంది. ఇక ఆ టీ అంటారా, ట్రే గుమ్మం బయట పెట్టారు. మనిషిని ఎవరూ చూడలేదు.”

మౌన్సీ తలుపు దగ్గరికి జరిగాడు. వంగి, పై వరసనుంచి కింది వరస దాకా వేలితో చదివాడు. కింద ఆగాడు.

“ఐజాక్‌ని వదిలెయ్,” అన్నాడు కానిస్టేబుల్‌తో, వెనక్కి తిరక్కుండానే. అతను వెళ్లిపోయాక రూత్ వైపు తిరిగాడు. “మీకు థాంక్స్ చెప్పాలి మిస్ మిల్‌బర్న్. తప్పు మనిషిని పంపేవాణ్ని. ఇది నిజంగానే అంటున్నాను.”

“చెప్పక్కర్లేదు.”

“ఇప్పుడు మీ లెక్క నేనూ ఒకసారి వేస్తాను. బయటి మనిషి. తలుపు సంగతి తెలియని మనిషి. మీరే చెప్పారు, దీన్ని ఇవాళే మొదటిసారి తెరిచానని. కాగితాల విలువ అందరికన్నా బాగా తెలిసిన మనిషి. ఈ వరసలో పేరున్న మనిషి, అంటే ఫారంలో వాటా ఉన్న మనిషి. శనివారం పదినుంచి పదకొండు దాకా మీరెక్కడున్నారు?”

“కొండ దాటుతున్నాను. వాగు దారిన.”

“ఎవరైనా చూశారా?”

“లేదు. మంచు.”

“అక్కడినుంచి ఈ ఇంటికి?”

“పది నిమిషాలు,” అంది రూత్. అబద్ధం చెప్పాలని ఆమెకు తోచనేలేదు.

మౌన్సీ జేబులోంచి నోట్‌బుక్ తీశాడు. క్లైవ్‌ని కూడా వదలనని, అయితే అతనికి కనీసం ఖాళీ కప్పైనా ఉందని, ఆమెకు అదీ లేదని చెప్పాడు. ఆ చెప్పడంలో ఎకసెక్కెం లేదు. “ఆ తలుపు మూసే ఉంచితే నాకు మీమీద అనుమానమే వచ్చేది కాదు. ఎందుకు తెరిచారు?”

“నాకు ఐదేళ్లు అన్నం పెట్టిన ఇల్లండీ ఇది. ఎవరూ వద్దన్న పిల్లని తెచ్చి పెంచారు. వాళ్ల మనిషి నాకోసం జైలుకి పోతుంటే బస్సెక్కమంటారా?”

మౌన్సీ పెన్సిలు తడి చేసుకున్నాడు. వాంగ్మూలం కోసం పూర్తి పేరు చెప్పమన్నాడు.

రూత్ అల్మారా తలుపు వైపు చూసింది. ఆ పేరు ఒప్పుకుంటే వాటా ఒప్పుకున్నట్టే, నేరానికి తనకు కారణం ఉందని ఒప్పుకున్నట్టే. అది ఆమెకు తెలిసినంత బాగా ఇంగ్లండులో మరెవరికీ తెలియదు.

“వెదర్‌కెల్డ్ రూత్,” అంది. “ఈ ఊళ్లో నన్ను అలాగే అంటారు. అలాగే రాసుకోండి.”

మౌన్సీ ఒక్క క్షణం ఆమె కళ్లలోకి చూసి, అలాగే రాసుకున్నాడు.